స్టాండర్డ్ హెరాల్డ్‌లో విజయవాడ నుంచి వండలూరు దాకా

మొదటి రోజు: విజయవాడ – నెల్లూరు

మా ఇంట్లో 1967 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉంది. రెండు తలుపులు, లేత నీలం రంగు, 948 సీసీ ఇంజను, నలుపు మీద తెల్ల అక్షరాల పాత నంబరు పలక. మా నాన్నగారు దాన్ని కొన్న రోజు నుంచి ఆయన కన్నుమూసే దాకా మా బంధువుల్లో ఒక్కరంటే ఒక్కరు దాన్ని మెచ్చుకోగా నేను వినలేదు. ఆ రోజుల్లో మన దేశంలో మధ్యతరగతివారు కొనగలిగిన కార్లు మూడే ఉండేవి: కలకత్తా దగ్గర తయారయ్యే అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు శివారు వండలూరు నుంచి వచ్చే స్టాండర్డ్. మొదటి రెండింటికీ ఉన్న పరువు మూడోదానికి ఎన్నడూ దక్కలేదు. హెరాల్డ్ అంటే చక్రాలు విరిగిపడే కారు అనీ, మలుపులో బోల్తా కొట్టే కారు అనీ, నాలుగేళ్లు తిరగకముందే గిలక్కాయలా మోగే కారు అనీ జనం నోట పడిపోయింది. ఆ మాట అన్యాయమని నేను పాతికేళ్లుగా చెబుతున్నాను. చెబితే నమ్మేవారు లేరు కనుక ఈ మార్చి మొదటి వారంలో నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకున్నాను. మొదట మైదానం మీదుగా నెల్లూరు, అక్కడి నుంచి భాకరాపేట కనుమ దాటి మదనపల్లె, ఒక పూటంతా హార్స్‌లీ కొండల ఘాట్ రోడ్డు, చివరికి ఈ బండి పుట్టిన వండలూరు.

తోడుగా మా బాబాయి వచ్చారు. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. మా ఇంట్లో హెరాల్డ్‌ను తిట్టేవారిలో ఆయనే మొదటివారు, అందుకు ఆయనకు తగిన కారణమూ ఉంది. 1975లో గుడివాడ రోడ్డులో ఒక మలుపు దగ్గర ఈ కారుకే ముందు ఎడమ చక్రం విరిగి, బండి కాలువ గట్టు మీదికి ఒరిగిపోయినప్పుడు నాన్న పక్కన కూర్చున్నది ఆయనే. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కానీ ఆ తర్వాత ఆయన ఈ బండి ఎక్కలేదు. ఇన్నేళ్లకు మళ్లీ ఎక్కడానికి ఒప్పుకున్నందుకు నేను ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు పటమటలో మా ఇంటి ముందు బానెట్ ఎత్తాను. హెరాల్డ్ బానెట్ మామూలు కార్లలాగా అద్దం వైపుకు లేచేది కాదు. మడ్‌గార్డులు, లైట్లతో సహా బండి ముందు భాగం మొత్తం ముందుకు వాలుతుంది. ఇంజను, రేడియేటరు, స్టీరింగు, ముందు చక్రాల కీళ్లు, అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. ముందు టైరునే పీటగా చేసుకుని కూర్చుంటే నడుము వంచకుండా ఏ నట్టుకైనా స్పానరు అందుతుంది. యజమాని తన చేత్తో తాను బాగుచేసుకోవడానికి ఇంత వీలుగా ఉన్న మరో కారును నేను చూడలేదు. నూనె, నీళ్లు, బెల్టు, పాయింట్లు చూసుకున్నాను. టైర్లలో గాలి ముందు 21 పౌండ్లు, వెనుక 26 పౌండ్లు పెట్టాను. ఈ తేడా ఎందుకన్నది మూడో రోజు కథ.

అయిదింటికి బయలుదేరి వారధి మీద కృష్ణ దాటేసరికి తూరుపు ఎర్రబడింది. మంగళగిరి, గుంటూరు బైపాస్, చిలకలూరిపేట వరకు గంటకు అరవై కిలోమీటర్ల వేగం దాటలేదు. సుమారు 35 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను, సుమారు 800 కిలోల బండి. ఆ వేగం దగ్గర ఇంజను ఏ శ్రమా లేకుండా ఒకే శ్రుతిలో పలుకుతుంది. మార్టూరు దాటాక చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు మోసుకొచ్చే ట్రైలర్లు ఎదురైనప్పుడు వాటి గాలికి బండి కాస్త ఊగింది, అంతే. సన్నటి ఇనుప స్తంభాల మధ్య పెద్ద పెద్ద అద్దాలు ఉండటం వల్ల నాలుగు వైపులా రోడ్డు నిండుగా కనిపిస్తుంది. ఇప్పటి కార్లలో కూర్చుంటే బావిలో కూర్చున్నట్టు ఉంటుందని బాబాయి తనంతట తానే అన్నారు.

మేదరమెట్ల దగ్గర టీ కోసం ఆగినప్పుడు కుడి తలుపు కింద ఏదో గలగలమంటోందని ఆయన చెప్పారు. చూస్తే ఒక బోల్టు వదులైంది. బిగించగానే చప్పుడు పోయింది. గిలక్కాయ అన్న నింద ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బోల్టే చెబుతుంది. ఈ కారును మొదట రూపొందించిన ఇంగ్లండులోని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి కారు బాడీలు సరఫరా చేసే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను 1953లో పోటీదారైన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) కొనేసింది. ఒకే ముక్కగా అతికిన బాడీని చేసిపెట్టేవారు లేకపోవడంతో, కంపెనీ విడి చాసిస్ (కారు అడుగు చట్రం) మీద వేర్వేరు చోట్ల తయారైన ముక్కలను బోల్టులతో బిగించే పద్ధతికి వెళ్లింది. ఇటలీకి చెందిన మికెలోటి గీసిన అందమైన రూపాన్ని ఈ పద్ధతిలో సాధించి 1959లో హెరాల్డ్‌ను విడుదల చేశారు. అంటే ఈ బండికి ఏటా ఒకసారి బాడీ బోల్టులన్నీ బిగించుకోవాలి. బిగించని బండి మోగుతుంది. అదే బోల్టుల వల్ల కలిగే మేలు మాత్రం ఎవరి నోటా రాదు: మడ్‌గార్డు సొట్టపోతే కోసి అతకనక్కరలేదు, విప్పి మరొకటి బిగిస్తే చాలు. విజయవాడ ఆటోనగర్‌లో నా బండికి వెనుక రెక్క మార్చడానికి ఒక పూట పట్టింది.

ఒంగోలు దాటేసరికి ఎండ ముదిరింది. రోడ్డు పని వల్ల వాహనాలు బారులు తీరిన చోట, అరగంట నత్తనడక తర్వాత ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బాబాయి నా వైపు చూసి, "ఇదిగో, మొదలైంది" అన్నారు. వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోయిందని నాకు తెలుసు. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కనుక పాత బండ్లకు ఈ బాధ కొంచెం పెరిగింది కూడా. బానెట్ వాల్చి, పంపు మీద తడిగుడ్డ వేసి, పంపు పక్కన చేత్తో ఆడించే చిన్న మీటను ఇరవైసార్లు నొక్కాను. పది నిమిషాలకు బండి కదిలింది. ఆ పది నిమిషాల్లో బాబాయి తన అంబాసిడర్ పంపుకు కూడా వేసవి అంతా తడిగుడ్డ చుట్టి ఉంచేవాళ్లమని గుర్తు చేసుకున్నారు. అంబాసిడర్‌కు ఆ గుడ్డ చుట్టడం అందరికీ మామూలు విషయమే అయింది. హెరాల్డ్‌కు మాత్రం అదే లోపంగా లెక్కకు వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి నెల్లూరు చేరాము. లాడ్జి ఉన్న సందు చివర దారి మూసుకుపోయి ఉంది, వెనక్కి వెళ్లడానికి ఎదురుగా ఆటోలు. హెరాల్డ్ ముందు చక్రాలు ఎంత లోతుగా తిరుగుతాయంటే, ఇరవై అయిదు అడుగుల వెడల్పులో బండి పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. స్టీరింగు చివరికంటా తిప్పి, రివర్సు గేరు వేయకుండానే ఒకే తిప్పులో బయటికి వచ్చాము. ఆ సందులో అంబాసిడర్ అయితే మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడాల్సిందే.

ఆ సాయంత్రం, చేపల పులుసుతో భోజనం అయ్యాక, గదిలో నేను సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసి బాబాయి ముందు పెట్టాను. 1975లో విరిగిన ఇనుప కడ్డీ అది. నాన్న దాన్ని పారేయలేదు.

ముందు చక్రాన్ని నిలబెట్టేది ఈ కడ్డీయే. దీని పై చివర బాల్ జాయింటు ఉంటుంది. కింది చివర మరచుట్లు ఉండి, అవి ట్రనియన్ అనే ఇత్తడి గుల్లలోకి దిగి ఉంటాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరలో తిరుగుతుంది, ఆ చక్రం మీద పడే బరువంతా ఆ మరచుట్ల గుండానే పోతుంది. దానికి పోయాల్సింది చిక్కటి గేరు నూనె. పక్కన ఉన్న మూత విప్పి, నిపిల్ బిగించి, గ్రీజు గన్నులో గ్రీజుకు బదులు నూనె నింపి కొట్టాలని తయారీదారు పుస్తకంలోనే ఉంది. గ్రీజు కొడితే అది మరచుట్ల లోతుకు దిగదు. పైపైనే ముద్దకట్టి ఆరిపోతుంది, లోపల ఇనుము ఒట్టిదై నీరు చేరి తుప్పు పడుతుంది, ఒకనాడు మలుపులో తెగిపోతుంది. మూటలోని కడ్డీ కింది చివర మరచుట్లు ఉండాల్సిన చోట పుచ్చుపన్నులాగా నల్లటి గుంటలు ఉన్నాయి. ఆ గుంటల్లో రాయిలా గట్టిపడిన గ్రీజు ఇప్పటికీ ఉంది. గోటితో గీకితే పొడిగా రాలుతుంది.

బాబాయి దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

"గ్రీజు కొట్టింది ఎవర్రా?"

"అప్పట్లో మన బండి చూసే షెడ్డువాళ్లే, బాబాయ్. ప్రతి నెలా తప్పకుండా కొట్టేవాళ్లట. నాన్న పక్కన నిలబడి మరీ కొట్టించేవారట."

ఊళ్లో ఉన్న బండ్లన్నీ గ్రీజుతో నడిచేవి కనుక, వాళ్లు ఈ బండికీ శ్రద్ధగా అదే చేశారు. నిర్లక్ష్యం చేసి ఉంటే బహుశా ఎవరైనా పుస్తకం తెరిచి చూసేవారేమో. బాబాయి కాసేపు ఆగి, "అది సరేరా, మన దేశంలో అమ్మేవాడు మన షెడ్లలో ఏం దొరుకుతుందో చూసుకుని బండి చేయొద్దూ?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన అన్నది న్యాయమే. కానీ అది లోహంలో ఉన్న లోపం కాదనీ, చెప్పాల్సిన మాట చేరాల్సిన చోటికి చేరకపోవడమనీ మాత్రం అన్నాను.

రెండో రోజు: నెల్లూరు – మదనపల్లె

నాయుడుపేట దాకా పెద్ద రహదారి, అక్కడి నుంచి శ్రీకాళహస్తి, రేణిగుంట మీదుగా తిరుపతి. ఈ భాగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు; బండి నడిచింది, మేము మాట్లాడుకున్నాము.

తిరుపతి నుంచి చంద్రగిరి దాటి పీలేరు వైపు తిరిగితే భాకరాపేట కనుమ వస్తుంది. ప్రమాదాలకు పేరుపడ్డ దారి అది. ఎక్కుతున్నప్పుడు మూడో గేరు చాలక రెండో గేరుకు దిగాను. ముందు లారీ నిలిచిపోయిన ఒక చోట మొదటి గేరు అవసరమైంది. ఈ బండి మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు పళ్ల వేగాలను కలిపి గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు కనుక, బండి కదులుతుండగా ఆ గేరు వేయాలంటే పాత లారీ డ్రైవర్లు చేసే డబుల్ క్లచ్ చేయాలి, అంటే ఒక్క గేరు మార్పుకు క్లచ్ రెండుసార్లు తొక్కాలి. బాబాయి నా కాళ్ల వైపే చూస్తున్నారు. గేరు చప్పుడు లేకుండా పడినప్పుడు ఆయన ఏమీ అనలేదు కానీ, అప్పటిదాకా పట్టుకున్న తలుపు పిడి వదిలారు.

పీలేరు దాటి వాయల్పాడు సమీపంలో వెనుక కుడి టైరు పంచరైంది. పంచరు షాపు కుర్రవాడు జాకీ ఎత్తి స్టెప్నీ బిగించి, జాకీ దించగానే కంగారుపడ్డాడు. "సార్, యాక్సిల్ పోయింది" అన్నాడు. చూసేవారికి నిజంగానే అలా కనబడుతుంది: బండి వెనుక భాగం ఎత్తుగా లేచి, రెండు చక్రాల అడుగులూ పొట్ట కిందికి ముడుచుకున్న దూడ కాళ్లలాగా లోపలికి వంగి ఉన్నాయి. నేను ఎక్కి బండిని ఇరవై గజాలు ముందుకు నడిపాను. నడుస్తుండగానే చక్రాలు మెల్లమెల్లగా విచ్చుకుని నిటారుగా నిలిచాయి. ఆ కుర్రవాడు వంగి చూసి, మరోసారి నడపమని అడిగి, మళ్లీ చూశాడు.

ఈ వంపే హెరాల్డ్‌కు వచ్చిన రెండో చెడ్డపేరుకు మూలం. ఆనాటి మూడు కార్లలో వెనుక చక్రాలు రెండూ దేనికది స్వతంత్రంగా ఆడే బండి ఇదొక్కటే. అంబాసిడర్, ఫియట్లకు వెనుక ఒకటే గట్టి ఇరుసు, దాని రెండు చివర్లా రెండు కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు). హెరాల్డ్‌కు మాత్రం ఇంజను శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌ను చాసిస్‌కు బిగించి, దాని మీద అడ్డంగా ఒకే ఒక కమాన్ కట్ట పరిచారు. ఆ కట్ట చివరలకు చక్రాలు వేలాడుతాయి. డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే ఇరుసు ముక్క లోపలి చివర ఒక క్రాస్ జాయింటు దగ్గర మడతపడి, భుజం దగ్గర చేయి ఊగినట్టు పైకీ కిందికీ ఊగుతుంది. ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రానికి ఆ సంగతి తెలియదు. వాయల్పాడు రోడ్డులో గతుకుల మీద వెనుక సీట్లో పెట్టిన నీళ్ల సీసా ఒరగలేదని బాబాయే చూపించారు.

ఈ ఏర్పాటు నలుగురి కోసం చేసింది. మన దేశంలో దీన్ని ఎలా వాడామో నా చిన్నతనంలో నేనే చూశాను. ముందు ఇద్దరు, ఒడిలో ఒకరు, వెనుక నలుగురు, డిక్కీలో బియ్యం బస్తా, పైన కట్టిన పెట్టెలు. ఒక్క కమాన్ కట్ట ఆ బరువుకు కుంగి చదునైపోతుంది. చక్రాల అడుగులు బయటికి చీలి, టైర్లు లోపలి అంచున అరుగుతాయి. మడత దగ్గర క్రాసులు ఉండాల్సిన కోణం దాటి పనిచేసి అరిగిపోతాయి. గట్టి ఇరుసున్న బండి అదే బరువును మూలుగుతూ మోస్తుంది. అంబాసిడర్ ఓర్పు గల బండి అని నేనూ ఒప్పుకుంటాను. అయితే, ఎత్తగలిగినంత బరువే ఎత్తమన్న మనిషిని బలహీనుడని అనము కదా. నేను ఆటోనగర్‌లో కొత్త పట్టీలతో కమాన్ కట్ట చేయించి, క్రాసులు మార్చి, నలుగురికి మించి ఎక్కించకూడదని నియమం పెట్టుకుని ఇప్పటికి పదకొండేళ్లు. ఆ కట్ట ఇంకా కుంగలేదు.

సాయంత్రం మదనపల్లెలో టమాటా లారీల వరుస పక్కనుంచి వెళ్లి బస చేరాము.

మూడో రోజు: హార్స్‌లీ కొండలు

నేను ఎక్కువగా ఎదురుచూసిందీ, లోలోపల భయపడిందీ ఈ రోజు కోసమే. నాలుగు వేల అడుగులు మించిన ఎత్తుకు మెలికలు తిరుగుతూ ఎక్కే ఈ దారిలో హెరాల్డ్ మీద ఉన్న అసలు అభియోగాన్ని, అంటే మలుపులో వెనుక చక్రాలు మోసం చేస్తాయన్న మాటను, పరీక్షించుకోవచ్చు.

అభియోగంలో నిజం ఎంతో ముందు చెప్పాలి. ఊగే ఇరుసున్న బండి వేగంగా మలుపు తిరుగుతున్నప్పుడు బయటి వైపు చక్రం మీద బరువు పడుతుంది. ఆ చక్రం రోడ్డును ఒరుసుకుంటూ బండి కిందికి దూరడానికి చూస్తుంది. దూరిన కొద్దీ బండి వెనుక భాగం పైకి లేస్తుంది. లేచిన కొద్దీ చక్రం ఇంకా వంగి టైరు పట్టు తగ్గుతుంది. మలుపు మధ్యలో డ్రైవరు భయపడి యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసినా, బ్రేకు తొక్కినా ఇది ఒక్కసారిగా జరుగుతుంది. ఇది హెరాల్డ్ ఒక్కదాని గుణం కాదు. అదే కాలపు ఫోక్స్‌వాగన్ బీటిల్‌కూ, చాలా మెర్సిడెస్ బండ్లకూ ఊగే ఇరుసులే ఉండేవి. అమెరికాలో షెవర్లే కోర్వైర్‌ను 1965లో వినియోగదారుల తరఫున పోరాడిన న్యాయవాది రాల్ఫ్ నేడర్ ఈ విషయం మీదే తన పుస్తకంలో నిలదీశారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వ సంస్థ పరీక్షలు జరిపించి, ఆనాటి తోటి కార్ల కంటే అది ఎక్కువ ప్రమాదకరం కాదని 1972లో నివేదిక ఇచ్చింది. కానీ అప్పటికే ఆ కారు తయారీ ఆగిపోయి మూడేళ్లయింది.

కనుక ఈ బండిని నడిపే పద్ధతి వేరు. వేగం మలుపుకు ముందే తగ్గించాలి. గేరు కూడా ముందే మార్చుకోవాలి. మలుపులోకి దిగాక కాలు తీయకుండా, సన్నగా యాక్సిలరేటరు ఇస్తూ బయటపడాలి. వెనుక టైర్లలో ముందు వాటి కంటే ఎక్కువ గాలి ఉండటం కూడా ఇందుకే: వెనుక టైరు బిరుసుగా ఉంటే పక్కకు తక్కువ నలిగి, పట్టు ఆలస్యంగా వదులుతుంది. నాలుగింటికీ ముప్ఫై కొట్టించుకుని వెళ్లిపోయేవారు ఈ రక్షణను తామే తీసేసుకున్నట్టు. గాలి కొట్టే చోట ఈ మాట చెప్పి ఒప్పించడానికి నాకు ఇప్పటికీ రెండు నిమిషాలు పడుతుంది.

ఎక్కేటప్పుడు అంతా రెండో గేరులో సాఫీగా సాగింది. రేడియేటరు వేడి ముల్లు మధ్యగీత దాటలేదు. యూకలిప్టస్ చెట్ల గాలి తగిలే దాకా ఎక్కడా ఆగలేదు. పైన అరగంట కూర్చుని, బ్రేకు డ్రమ్ములు చల్లబడ్డాక దిగడం మొదలుపెట్టాము. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే కనుక, దిగేటప్పుడు ఇంజను పట్టు మీదే ఆధారపడాలి.

నాలుగో మలుపో అయిదో మలుపో, సరిగ్గా మధ్యలో ఉండగా ఎదురుగా ఒక జీపు మా వైపుకు వచ్చేసింది. నా కాలు దానంతట అది లేచిపోయింది. వెనుక భాగం ఎవరో కింది నుంచి ఎత్తినట్టు ఒక జానెడు పైకి లేచింది, బండి తోక పక్కకు ఒక అడుగు జరిగింది. అప్పుడు మా వేగం పాతికకు మించి లేదు. నేను కాలు మళ్లీ సన్నగా ఆనించగానే వెనుక భాగం కుదురుకుంది, జీపు గోడ వైపు తప్పుకుంది, మేము మలుపు దాటాము. అరవై మీద ఉండి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించగలను. ఈ సంఘటనను దాచి బండిని వెనకేసుకురావడం నాకు ఇష్టం లేదు కనుక రాస్తున్నాను.

కింద రోడ్డు పక్కన ఆపి దిగాము. బాబాయి వెనక్కి వెళ్లి చక్రాలను చూసి వచ్చి, "గుడివాడ రోడ్డులో ఇలా లేవలేదురా. అక్కడ ముందు కూలబడింది, అంతే" అన్నారు. యాభై ఏళ్లుగా ఆయన జ్ఞాపకంలో ఈ రెండు నిందలూ ఒకటిగా కలిసిపోయి ఉన్నాయి. ముందు చక్రం కథ వేరు, వెనుక చక్రం కథ వేరు అని ఆ రోడ్డు పక్కన ఆయనే విడదీశారు. జనం మాటలో కూడా ఇదే జరిగిందని నా అభిప్రాయం. నూనె అందక ముందు కడ్డీ విరిగిన ప్రతి హెరాల్డ్‌ను, ఊగే ఇరుసు వల్ల బోల్తా పడ్డ బండిగానే చెప్పుకున్నారు.

ఇంగ్లండులో ఈ ఊగే ఇరుసు లోపానికి మందు కనిపెట్టారు. అదే చాసిస్ వంశంలోని స్పిట్‌ఫైర్ కారుకు 1970 చివర్లో, కమాన్ కట్టలో కొన్ని పట్టీలు మధ్యలో బిగించకుండా స్వేచ్ఛగా ఊగే ఏర్పాటు చేశారు. దాంతో వెనుక భాగం లేచిపోయే గుణం చాలావరకు పోయింది. హెరాల్డ్‌కు ఆ మందు అందకముందే 1971లో అక్కడ దాని తయారీ ఆగిపోయింది. అప్పటికి అక్కడ 5 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. మన దగ్గర మాత్రం 1970ల ఆరంభంలో హెరాల్డ్ స్థానంలో వచ్చిన గెజెల్ కారుకు ఊగే ఇరుసే తీసేసి గట్టి ఇరుసు పెట్టారు.

నాలుగో రోజు: మదనపల్లె – వండలూరు

పుంగనూరు, పలమనేరు మీదుగా మొగిలి కనుమ దిగి చిత్తూరు చేరాక, బాబాయి తాళాలు అడిగారు. ఇచ్చాను. సీటు ముందుకు జరుపుకుని, స్టీరింగు కాడను తన ఛాతీకి తగ్గట్టు లోపలికి సర్దుకున్నారు. ఈ కాడ ముందుకూ వెనక్కూ జరుగుతుంది, గుద్దుకున్నప్పుడు లోపలికి ముడుచుకుపోతుంది కూడా. 1959 నాటి మామూలు ధర కారులో డ్రైవరు గుండెకు ఇంత జాగ్రత్త తీసుకున్నారన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. రాణిపేట దాటి కాంచీపురం దాకా ఆయనే నడిపారు. మాటలు తక్కువ. ఒక్కసారి మాత్రం, "అన్నయ్య ఈ బండి అమ్మకుండా ఎందుకు ఉంచుకున్నాడో ఒక్కరోజు కూడా అడగలేదు నేను" అన్నారు. కాంచీపురంలో దిగి, వెనుక సీట్లోకి ఎక్కడానికి ముందు సీటు మడవాల్సి వస్తోందని మళ్లీ విసుక్కున్నారు. ఆ విసుగు సరైనదే. ఇంట్లో పెద్దలు ఉండే మన కుటుంబాలకు రెండు తలుపుల బండి తగదు. కంపెనీ కూడా అది గ్రహించి, ఇంగ్లండులో ఎన్నడూ లేని నాలుగు తలుపుల హెరాల్డ్‌ను మన దేశం కోసం ప్రత్యేకంగా తయారుచేసింది. అది వచ్చేసరికి 1960లు ముగిసిపోతున్నాయి, పేరు అప్పటికే చెడిపోయింది.

వాలాజాబాద్ మీదుగా వండలూరుకు వచ్చే దారిలో ఆ పేరు గురించే ఆలోచించాను. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1948లో మద్రాసులో మొదలైంది. బయటి నుంచి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించడం కాక, క్రమంగా ఇక్కడే తయారుచేసేవారికి మాత్రమే చోటు ఉంటుందని 1950లలో ప్రభుత్వం తేల్చినప్పుడు జనరల్ మోటార్స్, ఫోర్డ్ దేశం విడిచి వెళ్లాయి. ఈ చిన్న కంపెనీ నిలబడింది. 1961లో హెరాల్డ్ మొదలుపెట్టి ఏటేటా మరిన్ని భాగాలు ఇక్కడే చేయించింది. ఇంగ్లండులో ఇంజను 1147, తర్వాత 1296 సీసీలకు పెరిగినా ఇక్కడ 948 దగ్గరే ఉండిపోయింది. మిగతా ఇద్దరి కంటే తక్కువ బండ్లు చేసేది కనుక, ఊరూరా ఈ బండి తెలిసిన మెకానిక్కు దొరకలేదు. తెలియని చేతుల్లో పడింది, తెలియక గ్రీజు కొట్టించుకుంది. మెకానిక్కును నేను తప్పుపట్టను, ఆ పుస్తకం అతని చేతికి రాలేదు, వచ్చినా అతని భాషలో లేదు.

సాయంత్రం నాలుగింటికి వండలూరులో జీఎస్‌టీ రోడ్డు (గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు) చేరాము. 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000 కూడా నిలవక, ఆ దశకం ముగిసే నాటికి ఇక్కడి ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ప్రాంతంలో ఇప్పుడు కార్యాలయ భవనాలు, అపార్టుమెంట్లు ఉన్నాయి. రోడ్డు వారగా ఆపి పది నిమిషాలు నిలబడ్డాము. ఒక కాపలా మనిషి వచ్చి అక్కడ ఆపకూడదని తమిళంలో చెప్పి, బానెట్ మీది అక్షరాలు చదివి, ఇంకో అయిదు నిమిషాలు ఉండవచ్చని చేతితో సైగ చేశాడు. నాలుగు రోజుల్లో మా ప్రయాణం సుమారు 860 కిలోమీటర్లు అయింది. దారిలో మాకు తగిలినవి ఒక వదులు బోల్టు, ఒక తడిగుడ్డ, ఒక పంచరు, ఒక భయం.

రాత్రి తాంబరంలో లాడ్జి ఆవరణలో బానెట్ వాల్చి, ఎడమ టైరు మీద కూర్చున్నాను. బాబాయి టార్చి పట్టుకున్నారు. ట్రనియన్ మూత విప్పి, నిపిల్ బిగించి, నూనె గన్ను ఆనించి నొక్కాను. మొదట ఏమీ రాలేదు. ఆరో నొక్కుకు పైన రబ్బరు సీలు అంచు నుంచి నల్లటి పాత నూనె సన్నగా ఊరింది, దాని వెనుకే తేనె రంగు కొత్త నూనె వచ్చింది. బాబాయి ఆ నల్లటి చుక్కను వేలికి తీసుకుని, బొటనవేలితో రుద్ది, టార్చి వెలుగులో పెట్టి చూశారు. ఇనుప రజను లేదు. వేలు గుడ్డకు తుడుచుకుని, టార్చిని రెండో చక్రం మీదికి తిప్పారు.

"కుడి వైపుది కూడా విప్పు" అన్నారు.